నా చెవిలో అతని గుండె

శ్రావణ శుద్ధ దశమి

ఈ పొద్దున ఉప్పునీళ్ళను వడకట్టే ఉప్పుతెరలు కడుగుతుండగా నా ఎడమ చెవి మూగబోయింది.

మొదట పోగు జారిందేమో అనుకున్నాను. తడి చేతులతోనే సవరించుకున్నాను. అటు తిప్పాను, ఇటు తిప్పాను. తెర మీద పేరుకున్న ఉప్పును గీకుతున్న చప్పుడు కుడి చెవికి వినిపిస్తూనే ఉంది. ఎడమ చెవిలో మాత్రం ఏమీ లేదు. నాలుగేళ్ళుగా ఆ చెవిలో ఒక గుండె కొట్టుకుంటోంది. వంట చేస్తున్నా, వల బాగుచేస్తున్నా, మా ఆయనతో పోట్లాడుతున్నా అది కొట్టుకుంటూనే ఉండేది. నేను నిద్రలేచే వేళకు అది వేట ముగించుకుని పడుకునేది. మునిమాపు వేళ మళ్ళీ లేచేది. అప్పుడు దాని గుండె వడివడిగా పరుగెత్తేది. నేను గరిట పట్టుకుని నిలబడిపోయి వినేదాన్ని.

గట్టు మీద ప్రతి ఇంటికీ మడ అడవిలో కావలి కాయమని ఒక ప్రాణిని అప్పగిస్తారు. కొందరికి నీటికుక్క, కొందరికి ఉడుము, మా పక్కింటి వాళ్ళకు కొంగల జంట. మాకు బావురుపిల్లి, చేపలు పట్టుకు తినే పిల్లి. దాని మెడకు గవ్వ, మా చెవికి పోగు. దాని గుండె చప్పుడును గవ్వ పోగుకు పంపుతుంది, అదెక్కడుందో కూడా చూపిస్తుంది. ఆ ప్రాణులకు పేర్లు పెట్టం. పెడితే పెంపుడువైపోతాయని పెద్దలు ఒప్పుకోలేదు. అందరం "మా ఇంటిది" అనే అంటాం. ఇంటిది ఇంకా లేవలేదా అని మా ఆయన ధనరాజు పొద్దున్నే అడిగేవాడు. ఎవరిని గురించి అడుగుతున్నాడో తెలిసేది కాదు. తెలియనివ్వడం అతనికి ఇష్టమూ లేదు.

మధ్యాహ్నానికి సంగతి తెలిసింది. గట్టు చివర ఏడుకొండలు బాతుల దొడ్డి ఉంది. దాని చుట్టూ తీగ లాగి, ఎండపలక నుంచి కరెంటు పెట్టాడు. మా ఇంటిది ఆ తీగ పక్కన పడి ఉంది. మీసాలు కాలిపోయాయి. నోట్లో బాతు ఈక ఒక్కటి కూడా లేదు. ఏడుకొండలు తలవంచుకుని నిలబడి, బెదిరిపోతుందనుకున్నానండి, చచ్చిపోతుందనుకోలేదండి అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాడు.

కోనసీమ ఉప్పునీళ్ళ పాలైనప్పుడు పొలం పోగొట్టుకుని వచ్చినవాడు అతను. గట్టు మీదికి వచ్చి రెండేళ్ళే కావడంతో అతనికింకా ప్రాణిని అప్పగించలేదు. మీ పిల్లి నా బాతుల్ని ఎత్తుకుపోతోందని అంతకుముందు రెండు మూడుసార్లు మా గుమ్మంలోకి వచ్చాడు. పిల్లికి నేను చెబితే వింటుందా, దొడ్డి తలుపు వేసుకోమన్నాను. నేనన్నదాంట్లో తప్పేమీ లేదు. ఇప్పుడడిగినా అదే అంటాను.

దాన్ని నా చేతులతోనే ఎత్తుకొచ్చాను. ఎంత బరువుగా ఉంటుందో నాకు ఇవాళే తెలిసింది. ఏడుకొండలు సాయం పట్టబోతే చెయ్యి విదిలించి కొట్టాను. అతని చర్మం ఒలిచి ఆ తీగ మీదే ఆరేయాలనిపించింది. ఈ కావలి చిట్టాలో అబద్ధం రాయకూడదు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

శ్రావణ శుద్ధ ద్వాదశి

నిన్న గట్టు అంతా కూడింది. పెద్దకావలి సింహాద్రమ్మ నాకు దొడ్డమ్మ వరుస. మడ మొక్క ఒక్కటి కూడా లేని రోజుల్లో, నడుం లోతు బురదలో నిలబడి నాటిన మొదటి మనుషుల్లో ఇప్పటికి మిగిలింది ఆవిడే. మా ఇంటిదాని గవ్వను మంచినీళ్ళతో కడిగి, తాడుకు గుచ్చి, ఏడుకొండలు మెడలో తనే కట్టింది.

మా కట్టుబాటు అది. ప్రాణిని చంపినవాడు ఆ ప్రాణి చోటుకు వెళ్ళాలి. దాని హద్దులోనే మంచె మీద ఉండాలి. పాటు వేళ నీళ్ళు తీసినప్పుడు దిగి మడ మొక్కలు నాటాలి. కార్తీక పౌర్ణమికి మడ తెరిచేదాకా బయటికి రాకూడదు. ప్రాణి మాట్లాడదు కాబట్టి అతనూ మాట్లాడకూడదు. కబురు పంపకూడదు, రాత రాయకూడదు. నోరు విప్పితే గడువు మళ్ళీ మొదటికి వస్తుంది. అతని గుండె నా చెవిలో ఉంటుంది. తిండి నా ఇంటి నుంచి వెళ్తుంది. మాట లేకుండా అతనికేం కావాలో తెలుసుకుని బతికించుకోవడం కావలిదాని పని. నా చెవిలో అతను చచ్చిపోతే మా ఇంటికి ఇక ఏ ప్రాణినీ ఇవ్వరు.

నేను ఒప్పుకోనన్నాను. తీగను అతనికే చుట్టండి, సరిపోతుందన్నాను. ధనరాజు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. దొడ్డమ్మ నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా చెప్పింది.

"సంపినోడి గుండి నీ సెవిలో ఆడతా ఉంటే నీ కోపం సల్లారుద్దని పెట్టేరమ్మా మనోళ్ళు ఈ కట్టుబాటు. నా మాటిని పెట్టుకో."

పోగు పెట్టుకున్నాను. పెద్ద గుండె. దున్నపోతులా బరువుగా, తీరిగ్గా కొట్టుకుంటోంది. మా ఇంటిది ఉన్న చోట ఇది వచ్చి కూర్చుంది. కోపం చల్లారడం మాట దేవుడెరుగు, ఒక్కో చప్పుడుకీ నా ఒళ్ళు మండింది.

శ్రావణ బహుళ విదియ

వానాకాలం మడను మూసేస్తాం. జ్యేష్ఠం నుంచి కార్తీకం దాకా ప్రాణి చోటుకు వెళ్ళినవాడిది తప్ప మనిషి అడుగు లోపల పడకూడదు. పిల్లలు పెట్టేవి పెట్టుకుంటాయి, గుడ్లు పొదిగేవి పొదుగుతాయి. అందుకని తిండి తొట్టిపడవలో పంపుతున్నాను. మనిషి లేకుండా దానికదే పాయలో వెళ్ళి, మంచె దగ్గర ఆగి, తిరిగి వచ్చేస్తుంది. అన్నం, పప్పు, రెండు జెల్ల చేపలో నాలుగు పరిగెలో పెడుతున్నాను. పెట్టాలి కాబట్టి పెడుతున్నాను.

ప్రతి హద్దులోనూ ఒక కొమ్ముబూర ఉంటుంది, దొంగ పడవలను తరమడానికి. దాని మీట మా వసారాలోనే ఉంది. మూతకాలంలో దాన్ని ముట్టుకోకూడదు. కానీ ఆ హద్దు ఖాళీగా ఉంది కదా, ఇంకెవరిని బెదరగొడుతుంది? నిన్న మిట్టమధ్యాహ్నం అతని గుండె బాగా నెమ్మదించింది. మొక్కలు నాటి అలసిపోయి పడుకున్నట్టున్నాడు. మీట నొక్కాను. గుండె ఎగిరిపడింది. దడదడదడ కొట్టుకుంది. అది మామూలు కావడానికి పట్టినంతసేపూ నేను గుమ్మానికి ఆనుకుని కూర్చుని విన్నాను. ఎన్ని రోజులయిందో అంత హాయిగా కూర్చుని.

ధనరాజు చూశాడు. అదేం పనని తిట్టాడు. నీ చెవిలో ఏమీ చావలేదు కాబట్టి నీకు తెలియదన్నాను. ఇవాళ మళ్ళీ నొక్కాను.

శ్రావణ బహుళ సప్తమి

పొద్దుగూకితే దొరగారికి భయం. ఈ సంగతి రెండు మూడు రోజులుగా గమనిస్తున్నాను. పగలంతా బరువుగా నడిచే గుండె, వెలుగు తగ్గేసరికి పరుగందుకుంటుంది. మునిమాపంతా అలా పరుగెడుతూనే ఉంటుంది. పోటు లేస్తుంది, మంచె కింద నీళ్ళు చప్పుడు చేస్తాయి, పాములు కొమ్మలెక్కుతాయి. పొలాల్లో పుట్టిన మనిషి, మడలో ఒంటరిగా ఉంటే అలాగే ఉంటుంది. మా ఇంటిదానికి ఆ వేళ ఎంత సంబరంగా ఉండేదో! అదే వేళకు వీడు వణుకుతున్నాడు. బాగుంది.

ఉప్పుతెరల దగ్గర ఆడవాళ్ళందరికీ పోగు ఇచ్చి వినిపించాను. తలా కాసేపు చెవిలో పెట్టుకుని విన్నారు. కొంగలింటి రత్తాలు అయితే, పెళ్ళిచూపులకు వెళ్ళిన తన తమ్ముడి గుండె కూడా ఇలాగే కొట్టుకుందని అనుకరించి చూపించింది. కడుపుబ్బ నవ్వుకున్నాం. పోగు నా చేతికి తిరిగొచ్చాక కూడా అది పరుగెడుతూనే ఉంది.

శ్రావణ బహుళ దశమి

తొట్టిపడవ తిరిగొచ్చింది. చేపలు లేవు. అన్నం మాత్రం సగానికి సగం అలాగే ఉంది. నిన్నా అంతే, మొన్నా అంతే. మొన్న వానకు తడిసిందేమో అనుకున్నాను. నిన్న మూత గట్టిగా బిగించి పంపాను. అయినా వెనక్కి వచ్చింది.

చేపలు ఏరుకు తిని అన్నం వెనక్కి పంపడానికి ఇదేమన్నా అత్తారిల్లా? నా చేపలు, నేను వల వేసి పట్టిన చేపలు. మా ఇంటిది బతికుంటే నోటితో పట్టుకుని తినవలసిన చేపలు. దాన్ని కరెంటు పెట్టి కాల్చి, దాని పాయలో కూర్చుని, దాని వంతు నంజుకు తింటున్నాడు.

ధనరాజు ఆ అన్నం వంక చాలాసేపు చూశాడు.

"ఆడు వరి పండించినోడే. మెతుకు కింద పడితే కళ్ళకద్దుకుంటాడు, నేను సూశాను. అలాంటోడు అన్నం వొగ్గేత్తన్నాడంటే ఏదో ఉంది పోలేశ్వరీ. ఆలోచించు."

ఆలోచించడానికేమీ లేదు, ఒళ్ళు కొవ్వెక్కింది అన్నాను. రేపటి నుంచి చేపలు బంద్. ఒట్టి అన్నం, పప్పు. ప్రాణం నిలవడానికి అవి చాలు. కట్టుబాటు కూడా అంతకుమించి అడగదు.

శ్రావణ అమావాస్య

ఇవాళ వచ్చిన తొట్టిలో అన్నం కదపలేదు. చేపలు పెట్టి పంపే తాటాకు బుట్ట ఒకటి అతని దగ్గరే ఉండిపోయింది. దాన్ని శుభ్రంగా కడిగి, అన్నం మీద బోర్లించి పంపాడు. మాట్లాడకూడదు కదా, అందుకని ఇలా వెక్కిరిస్తున్నాడు. బుట్టను విసిరి అవతల పారేశాను.

అమావాస్య పోటు పెద్దది. మంచె దాకా నీళ్ళు వచ్చి ఉంటాయి. మునిమాపు వేళ మొదలైన గుండె పరుగు ఇప్పుడు చీకటిపడి చాలాసేపటిదాకా ఆగడం లేదు. మధ్యలో ఒక్కసారిగా ఎగిరిపడుతుంది, ఏదో కరిచినట్టు. నేను నవ్వుకుంటాను. నాకు నిద్ర బాగా పడుతోంది. వంట రుచిగా వస్తోందని ధనరాజు తప్ప అందరూ అంటున్నారు.

భాద్రపద శుద్ధ పంచమి

గుండె మారింది. ఆ బరువు తగ్గింది. పగలు మరీ నీరసంగా కొట్టుకుంటోంది, ఒక్కోసారి చెయ్యి అడ్డుపెట్టి వింటే తప్ప వినిపించదు. సాయంత్రమైతే మాత్రం మళ్ళీ పరుగే. తినడం లేదేమో. తినకపోతే నాదా తప్పు? రోజూ రెండు పూటలకు సరిపడా అన్నం వెళ్తోంది.

ఈ సంగతి ధనరాజు వెళ్ళి దొడ్డమ్మ చెవిన వేశాడు. ఆవిడ కర్ర పోటేసుకుంటూ మా వసారాకొచ్చింది. సరిగ్గా పొద్దుగూకే వేళకే వచ్చింది. పోగు ఇమ్మంది. చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. పొయ్యి మీద పప్పు మాడుతున్నా నేను కదల్లేకపోయాను. ఆవిడ విన్నంతసేపు గట్టు మీద ఎవరూ వినలేరు.

"ఇది బయం కాదే. బయపడిన గుండి ఎగురుద్ది, ఆగుద్ది, మళ్ళీ ఎగురుద్ది. ఇది ఒక్క తీరుగా పరిగెడతంది. ఏదో పని మీదున్నాడు ఆడు. సేపలు మానేసేవంట కదా, పంపు."

చీకట్లో మంచె మీద ఏం పని అని అడిగాను. అది తెలుసుకోవలసింది నువ్వు, పోగు నీది అంది. వెళ్ళేటప్పుడు నా గడ్డం పట్టుకుని, చిన్నప్పుడు అలిగితే అన్నట్టే, మొండిముండా అంది.

ఆవిడ ముందు సరేనని తలూపాను. చిట్టాలో అబద్ధం రాయకూడదు. సాయంత్రం అన్నమే పంపాను. వెళ్ళినవాళ్ళూ వచ్చినవాళ్ళూ అందరూ అతని తరఫునే మాట్లాడుతుంటే, చచ్చిపోయినదాని తరఫున మాట్లాడటానికి నేనొక్కదాన్నైనా ఉండాలి కదా అనిపించింది.

భాద్రపద శుద్ధ ఏకాదశి

వాయుగుండం తెల్లవారేసరికే మీదికి వచ్చింది. ఉప్పుతెరలన్నీ విప్పి, చుట్టి లోపల పెట్టుకునేసరికి గట్టు అంచుదాకా నీళ్ళు లేచాయి. అంత హోరులోనూ నా ఎడమ చెవి నాకు వినిపిస్తూనే ఉంది. పరుగు. ఎప్పుడూ లేనంత పరుగు. ఆ తర్వాత ఉన్నట్టుండి తగ్గిపోయింది. చుక్కచుక్కగా కొట్టుకోసాగింది.

జాలితో వెళ్ళానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. అతను నా చెవిలో చచ్చిపోతే మా ఇంటికి ఇక పోగు ఉండదు. ఆ భయంతో వెళ్ళాను. దొడ్డమ్మ దగ్గరికి ధనరాజే పరుగెత్తి మూతకాలంలో లోపలికి వెళ్ళే అనుమతి తెచ్చాడు. గాలి కాస్త తెరిపి ఇవ్వగానే పడవ తీశాం.

మంచె ఒక పక్కకు ఒరిగిపోయింది. దాని మీద మనిషి లేడు. పాయ మలుపులో పడిపోయిన పాత మడచెట్టు ఒకటుంది. ఆ మాను మీద నిలబడి ఉన్నాడు. ఛాతీ దాకా నీళ్ళు. ఒక చేత్తో వేరు పట్టుకున్నాడు. రెండో చెయ్యి తల మీదికెత్తి, తువ్వాలు మూట ఒకటి నీళ్ళకు అందకుండా పట్టుకున్నాడు. చేతుల నిండా గీరుడు గాయాలు, పంటిగాట్లు. కొన్ని పాతవి మానుతున్నాయి, కొన్ని పచ్చిగా ఉన్నాయి. చెంపలు లోపలికి పోయాయి. ధనరాజు వంగి పడవలోకి లాగబోతే, మొదట మూటను అందించాడు.

మూట కదిలింది. లోపల నుంచి బావురుమని ఒక చిన్న అరుపు వచ్చింది. బూడిదరంగు ఒళ్ళు, నల్లని చుక్కలు, పొట్టి తోక. మా ఇంటిదాని ముఖం, పిడికెడంత.

ఏడుకొండలు మంచె వైపు చూపించాడు. ఒరిగిన పక్క, గుంజ పైన, గోనెపట్టాలో చుట్టి కట్టిన ఇంకో మూట ఉంది. నేనే దిగి వెళ్ళి విప్పాను. అది రెండోది. కదలడం లేదు. వానకు తడిసి ఒళ్ళంతా ఎముకలే కనబడుతున్నాయి. నిన్నో మొన్నో పోయినట్టుంది. ఆకలికి దాని పొట్ట వీపుకు అంటుకుపోయింది.

ఆ పడిపోయిన చెట్టు దగ్గరే మా ఇంటిది జ్యేష్ఠం నుంచి పగలంతా గడిపేది. గవ్వ ఆ చోటే చూపించేది. ఏడుకొండలు మెడకు కట్టాక అదెక్కడుందో నేను చూడనేలేదు. వానకు తడవకుండా తొర్రలో పడుకుంటోంది కాబోలు అనుకున్నాను. నాలుగేళ్ళు దాని గుండె విన్నదాన్ని, అది పిల్లలతల్లి అయిందని తెలుసుకోలేకపోయాను. చేపలు వాటికి. ఒట్టి అన్నం అవి ముట్టవు. అన్నం వెనక్కి పంపి, కడిగిన బుట్ట బోర్లించి అతను అడిగింది చేపలనే. నేను పంపడం మానేస్తే, మునిమాపు వేళ తల్లి వేటాడే చోటుకే వెళ్ళి, చేతులతో బురదలో వెతికి పట్టుకొచ్చి పెట్టాడు. ఎన్ని దొరుకుతాయి? పొలం మనిషికి చేప దొరుకుతుందా? ఆ వేట గుండె నా చెవిలోనే కొట్టుకుంది. తల్లి గుండె ఆ వేళకు అలాగే కొట్టుకునేది. దాన్ని వేట అన్నాను, దీన్ని భయం అన్నాను. ఆ పైన మధ్యాహ్నం నిద్రల్లో బూర ఊది వాటిని కూడా బెదరగొట్టాను.

మాట్లాడు, గడువు సంగతి నేను చూసుకుంటాను అని అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. నా మాట మీద నమ్మకం లేదు. ఎందుకుంటుంది? దారి పొడుగునా నోరు విప్పలేదు. గట్టు మీద దొడ్డమ్మ ఎదురొచ్చి, మెడలో గవ్వ తీసేసి, ఇక మాట్లాడొచ్చు నాయనా అంది.

"దానికి ఆకలేత్తందండి," అన్నాడు.

భాద్రపద పౌర్ణమి

మళ్ళీ గట్టు కూడింది. ఏడుకొండలు నిలబడలేక కూర్చునే ఉన్నాడు. పిల్ల అతని ఒళ్ళో నిద్రపోతోంది. ఇంకెవరు పట్టుకున్నా గీరుతోంది.

రెండోది ఎలా పోయిందని దొడ్డమ్మ అడిగింది. ఆకలితోనండి అన్నాడు. తిండి వచ్చేది కాదా అంది. ఆయ్, రోజూ వచ్చేదండి అన్నాడు. అంతే. అందరూ అతని నోటి వంక చూస్తున్నారు. అతను మాత్రం నా వంక చూడలేదు.

అతను నా పేరు చెప్పి ఉంటే బాగుండేది. నన్ను వేలెత్తి చూపించి తిట్టి ఉంటే, నేనూ తిట్టి ఉండేదాన్ని, నీ తీగ సంగతేమిటని అరిచేదాన్ని. ఇద్దరికీ సరిపోయేది. అతను నన్ను దాచిపెట్టాడు. నా ఇంటిదాన్ని చంపినవాడు నా మీద దయ చూపించాడు. ఆ దయను గొంతులో పెట్టుకుని ఇంటికెళ్ళి బతకమంటే నావల్ల కాలేదు. లేచాను.

"సేపలు ఆపింది నేనే. అన్నం ఎందుకు తిరిగొత్తందో తెలుసుకోడం నా పనే. తెలుసుకోలేదు. పంపమని దొడ్డమ్మ సెప్పినా పంపలేదు. రెండోదాన్ని సంపింది నేనే."

రత్తాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఉప్పుతెరల దగ్గర నవ్విన ఆడవాళ్ళంతా కాళ్ళ వంక చూసుకున్నారు. దొడ్డమ్మ వచ్చి నా ఎడమ చెవి పోగు తీసింది. పోగు తీసిన చోట గాలి తగిలి చల్లగా అనిపించింది.

పిల్లకు గవ్వ కట్టాలి. పోగు ఎవరికివ్వాలో గట్టు తేల్చాలి. ఏడుకొండలుకు ఇద్దామని ధనరాజే ముందు అన్నాడు, నా మొగుడే. ఇలాంటి సంగతికి ప్రతి ఇంటి చెయ్యీ లేవాలి. ఒక్క చెయ్యి లేవకపోయినా పిల్లను పట్నంలో బోనుల తోటకు పంపేస్తారు. చేతులు లేచాయి. మా ఇంటి చెయ్యి నాది, ధనరాజుది కాదు. అందరూ నా వంక తిరిగారు.

ఒళ్ళో చెయ్యి ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క చెయ్యి. ఇది లేవకపోతే అతనికి ఏమీ మిగలదు. బుట్టతో వెక్కిరించాడనుకున్నప్పటి కోపం కంటే, శ్రావణ దశమినాడు తీగ దగ్గర నాకొచ్చిన కోపం కంటే, ఆ క్షణంలో వచ్చింది పెద్దది. తల్లిని చంపి పిల్లను ఒళ్ళో పెట్టుకున్నాడు. అది అతని చొక్కా బొత్తాన్ని నోట్లో పెట్టుకుని నిద్రపోతోంది. నా దగ్గరికి వస్తే గీరుతుంది. పోనీ, బోనులోకే పోనీ, ఇద్దరికీ దక్కకుండా పోనీ అనుకున్నాను. అలా అనుకుని దాని పొట్ట వంక చూశాను. నిండుగా ఉంది, ఊపిరికి లేచి పడుతోంది.

చెయ్యి ఎత్తాను. అతన్ని క్షమించి కాదు. ఆ మాట చిట్టాలో స్పష్టంగా ఉండాలి.

కార్తీక బహుళ పాడ్యమి

పోగుతో పాటే చిట్టా రాసే హక్కు కూడా పోయింది. అయినా రాస్తున్నాను. ఎవరొచ్చి ఆపుతారో చూస్తాను.

నిన్న మడ తెరిచారు. పిల్లను గవ్వతో సహా దాని తల్లి పాయలోనే వదిలేశారు. నేను వెళ్ళలేదు. ఎడమ చెవి ఖాళీగా ఉంటే ఇల్లంతా ఖాళీగా ఉంటుందని ఇప్పుడు తెలుస్తోంది. ధనరాజు మాట్లాడుతున్నా, ఏదో వినబడాల్సింది వినబడనట్టు తల ఒక పక్కకు వాల్చుకుని కూర్చుంటున్నాను.

ఇవాళ పొద్దుగూకే వేళకు ఇక ఉండలేకపోయాను. గట్టు చివరికి నడిచాను. ఏడుకొండలు బాతులను లోపలికి తోలి తలుపు వేస్తున్నాడు. నన్ను చూసి చేతులు దులుపుకుని నిలబడ్డాడు. పడవలో అన్న ఆ ఒక్క మాట తర్వాత నేను అతనితో మాట్లాడలేదు. ఎలా ఉంది అన్నాను.

అతను పోగు తీసి, పంచె చెంగుతో తుడిచి, అరచేతిలో పెట్టి చాపాడు. వద్దని చెప్పి వెనక్కి తిరుగుదామనుకున్నాను. తీసుకుని చెవిలో పెట్టుకున్నాను.

చిన్న గుండె. వడివడిగా పరుగెడుతోంది. ఒకచోట ఎగిరిపడింది, మళ్ళీ పరుగందుకుంది. కళ్ళు మూసుకుని విన్నాను. ఆకలేమో అనిపించింది. తల్లి లేని రాత్రి కదా, భయమేమో అనిపించింది. వేటాడటం అప్పుడే వచ్చి ఉంటుందా అనిపించింది. ఎంత విన్నా ఏదని చెప్పలేకపోయాను. ఈ గట్టు మీద దొడ్డమ్మ తర్వాత అంత బాగా వినేది నేనేనని పేరు.

కళ్ళు తెరిచాను. అతన్ని నేను ఇప్పటికీ ద్వేషిస్తున్నాను. అతను నా ముఖం వంకే చూస్తూ, నేనేదో చెబుతానని ఎదురుచూస్తున్నాడు.

"ఈ పరుగేంటి?" అని అతన్నే అడిగాను.